ఇందుమూలముగా యావన్మందికి

“ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా” అను మాట చెవిని పడగానే మనకు నవ్వు వచ్చును. నాటకములలోను, చలనచిత్రములలోను హాస్యగాండ్రు ఈ వాక్యమును ఎన్నిమారులు వాడుకొనిరో లెక్కలేదు. సర్కారు గొంతును అనుకరింపదలచిన ప్రతివాడును ముందుగా దీనినే పట్టుకొనును. కాని ఒక్కసారి నిదానముగా చూచినచో ఇందులో ఎగతాళి చేయదగినది ఏమియు కానరాదు. ‘యావన్మందికి’ అను మాటలో ఒక ప్రతిజ్ఞ యున్నది. ఊరి పెద్దలకును, చదువుకొన్నవారికిని చెప్పి ఊరకుందుమని గాక, ఊరిలో నున్న ప్రతి ప్రాణికి చెప్పుదుమని ఆ మాటకు అర్థము. ఆ ప్రతిజ్ఞ మన చిన్నపట్టణములలో ఎంతవరకు చెల్లినది, నేడెంతవరకు చెల్లుచున్నది అన్నదే ఈ వ్యాసమునకు విషయము.

అరువది యేండ్ల క్రిందట మా పట్టణములో పురపాలకసంఘము వారి చాటింపు తెల్లవారుజాముననో, దీపములు పెట్టువేళనో జరిగెడిది. మగవారు పనులకు పోకమునుపు, లేదా తిరిగివచ్చిన పిమ్మట నన్నమాట. డప్పు వాయించువాడు నాలుగు వీధుల కూడలిలో నిలిచి ముందుగా మూడు దెబ్బలు కొట్టెడివాడు. పిల్లలము పరుగెత్తెడివారము. ఆడవారు చేతిలోని చేటతోనే వాకిటికి వచ్చెడివారు. “ఎల్లుండి నుండి మూడు రోజులు కుళాయి రాదహో! నీళ్లు పట్టి పెట్టుకోవాలహో!” అని అతడు కేక వేయగానే ఎవరో ఒకరు “ఎన్నింటి నుంచి?” అని అడిగెడివారు. “పొద్దున్న రానే రాదమ్మా, రేపు సాయంత్రమే పట్టుకోండి” అని అతడు మామూలు గొంతుతో బదులు చెప్పి, మరల డప్పెత్తుకొని ముందుకు సాగెడివాడు. ప్రకటనను ఎదురు ప్రశ్న వేయుటకు వీలైన కాలమది. ఇంత చేసిన ఆ మనిషి నివసించు పేటకు వీధిదీపము వచ్చుట మాత్రము ఊరిలోని అన్ని పేటలకన్న కడపటనే.

డప్పునకు చదువుతో పనిలేదు. 1951 జనాభా లెక్కలనాటికి దేశములో 100 మందికి 18 మందియే అక్షరాస్యులు. కనుకనే చట్టములు వ్రాసినవారు కూడ గెజెటులో అచ్చువేయుటతో తృప్తిపడక, చాటింపును ప్రకటనకు ఒక పద్ధతిగా అంగీకరించిరి. మన ప్రాంతములో పురపాలనకు చట్టములు కొత్తవి కావు. భీమునిపట్టణమున 1861 లోనే పురపాలకసంఘ మేర్పడెను. మదరాసు ప్రభుత్వము 1865, 1871, 1884, 1920 సంవత్సరములలో ఒకదాని వెనుక నొకటిగా శాసనములు చేసెను. ఆంధ్రప్రదేశమునకు 1965 లో ఒక చట్టము వచ్చెను. తెలంగాణము 2019 లో తనదైన చట్టమును చేసికొనెను. శాసనములు మారినను వాని మూలస్వరూపము ఒక్కటియే: సంఘము నీరు, దీపము, రోడ్డు, మురుగుకాలువ సమకూర్చవలెను, పౌరుడు పన్ను చెల్లింపవలెను, ఇరువురును ఒకరికొకరు ముందుగా తెలుపుకొనవలెను. ఈ మూడవదియే అందరును మరచునది.

తెలుపుట వేరు, అడుగుట వేరు. ఈ భేదమును గ్రహింపని ప్రభుత్వమునకు ఒకప్పుడు చీరాల ప్రజలు చెప్పిన పాఠమును ఇచట తలపకతప్పదు. చీరాల, పేరాల గ్రామములు అంతకుముందు యూనియనుగా నుండెను. ఊరివారు ఏటేట చెల్లించు పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919 లో ప్రభుత్వము ఆ గ్రామములను మునిసిపాలిటీగా మార్చెను. పన్ను ఒక్కసారిగా సుమారు 40,000 రూపాయలకు ఎగబ్రాకు నట్లయ్యెను. అచటి జనులలో పెక్కురు మగ్గము మీద బ్రతుకు నేతగాండ్రు, చిన్న వర్తకులు. ఆరోగ్యము కొరకు, పారిశుధ్యము కొరకు అని అధికారులు చెప్పిన మాటలో సత్యము లేకపోలేదు. ఊళ్లకు మంచినీరును, మురుగుకాలువలును కావలసినవే. కాని ఆ సౌకర్యములు రాకముందే వాని వెల ఇంటింటికి వచ్చెను. వలదని అర్జీలు పెట్టుకొన్నను ఫలితము కలుగలేదు. జనులు పన్ను చెల్లింపక నిలిచిరి. పన్ను చెల్లింపక కారాగారమునకు పోయినవారిలో రావూరి ఆలమేలమ్మ అను స్త్రీ కూడ నుండెను.

1921 మార్చి 31న, ఏప్రిలు 1న బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. పిమ్మట గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. పన్ను నిరాకరణమున శాంతిని పాటించుట యెంత కష్టమో ఆయన హెచ్చరించి, మరియొక త్రోవగా ఊరు విడిచిపోవుటను సూచించెను. ఊరే లేనిచో మునిసిపాలిటీ యెక్కడ? ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఈ రెండవ త్రోవను పట్టెను. ఆయన ఎడింబరోలో ఎం.ఏ. చదివివచ్చినవాడు, జానపద కళలను, చమత్కారసంభాషణమును ప్రాణముగా చూచుకొన్నవాడు, రామదండు అను స్వచ్ఛందసేవకుల దళమును నడపినవాడు. ఆయన మాటపై సుమారు 15,000 జనాభాలో 13,000 మంది వరకు ఆ వేసవిలోనే ఇండ్లకు తాళములు వేసి, ఊరి వెలుపల పాకలు వేసికొనిరి. దానికి రామనగరమని పేరు పెట్టిరి. ఆ యెండలో, పిమ్మట వచ్చిన వానలలో, మగ్గములు లేక, బేరములు లేక, పదినెలలకు పైగా నిలిచిరి.

నిధుల కొరకు తిరుగుచున్న గోపాలకృష్ణయ్యను బరంపురమున నిర్బంధించి, ఒక సంవత్సరము శిక్ష వేసి తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. నాయకుడు లేడు, ధనము లేదు, వాన నిలువదు. జనులు ఒకరి వెంట నొకరు తమ యిండ్లకు మరలిరి. గోపాలకృష్ణయ్య 1928 లో స్వర్గస్థుడయ్యెను. ఓడినవారని చరిత్రకారులు వ్రాయవచ్చును. నా మట్టుకు నాకు చీరాల కథలో ఆశ్చర్యము గొలుపునది మరియొకటి. జనులు కుళాయిని నిరాకరింపలేదు, దీపమును నిరాకరింపలేదు. తమ్మడుగక తమ యూరికి పేరు మార్చి, ఆ మార్పునకు తమచేతనే వెల కట్టించుటను నిరాకరించిరి. నేడు చీరాల పురపాలకసంఘమే. అచటివారు మనవలెనే పన్ను కట్టుచున్నారు, మనవలెనే కుళాయి రాలేదని గొణుగుచున్నారు.

ఇక నేటి సంగతి. ఏ చిన్నపట్టణమునకైనను పోయి పురపాలక కార్యాలయపు వరండాలోని ప్రకటనఫలకమును చూడుడు. అద్దము వెనుక కాగితముపై కాగితము. అడుగు కాగితమునకు ముందటేటి తేదీ. టెండరు ప్రకటన, పన్ను రాయితీ ప్రకటన, లేఅవుటు అనుమతి ప్రకటన, కుక్కల బెడద ప్రకటన. ఈ ఫలకమునకు పాఠకులు ముగ్గురే: గుత్తేదారు, అర్జీలు వ్రాయువాడు, వాన వచ్చినప్పుడు వరండాలో నిలిచినవాడు. ఏప్రిలు 30వ తేదీలోగా ఏడాది పన్ను మొత్తము కట్టినవారికి 100 కి 5 రూపాయలు తగ్గింపు కలదను సంగతి ఎందరికి తెలియును? ఆలస్యము చేసినచో నెలకు 100 కి 2 రూపాయలు వడ్డీ పడునను సంగతి మాత్రము బిల్లు చేతికి వచ్చిననాడు అందరికిని తెలియును. 2021 లో ఆంధ్రప్రదేశమున ఇంటిపన్నును అద్దెవిలువను బట్టి గాక ఆస్తి మూలధన విలువను బట్టి లెక్కించు పద్ధతి వచ్చినప్పుడు, మా వీధిలో దానిని గురించి మాటలాడినవారు బిల్లులు అందిన పిమ్మట మాటలాడినవారే. అభ్యంతరము చెప్పుకొను గడువు అప్పటికి అటక యెక్కెను.

ప్రకటనలోని భాష మరియొక అడ్డుగోడ. 1966 లో తెలుగును అధికారభాషగా శాసించుకొన్నాము. కాని కార్యాలయపు తెలుగు ఆంగ్లమునకు పంచె కట్టినట్లుండును. “పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి తగు చర్యలు గైకొనబడునని” అని మొదలుపెట్టిన వాక్యము ముగియునప్పటికి నీళ్లెప్పుడు రావో చదువరికి తెలియదు. నేను వ్రాయుచున్న ఈ భాషయు సంతలోని భాష కాదని ఎవరైన ఎత్తిపొడువవచ్చును. ఒప్పుకొందును. కాని నేను నీళ్ల సంగతి చెప్పవలసివచ్చినచో డప్పువాని తెలుగునే వాడుదును.

నీళ్ల విషయమున ఈ ఆలస్యము వేడుక కాదు. కుళాయి చివర నీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లిగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని ప్రమాణము. గొట్టము ఎక్కడనో పగిలి మురుగుతో కలిసినచో ఆ క్లోరిను కొద్దిదూరములోనే హరించిపోవును. తరువాతి యిండ్లకు పోవునది రోగమే. 2018 మార్చిలో గుంటూరున కలుషితజలము వలన అతిసారము ప్రబలి ప్రాణములు పోయినవి. అట్టి వేళ “కాచి త్రాగుడు” అను రెండు మాటలు ఎన్ని గంటలు ముందుగా ఇంటికి చేరినవి అన్నదానిపైననే ఒక పసిబిడ్డ బ్రతుకు ఆధారపడియుండును. ఆ రెండు మాటలకు ఫలకము చాలదు.

డప్పు స్థానమున ఆటోకు కట్టిన మైకు వచ్చెను. అది పోవు వేగమున సగము మాట ఒక వీధికి, తక్కిన సగము ప్రక్కవీధికి దక్కును. ఆగి బదులు చెప్పువాడు అందు లేడు. తరువాత చేతిఫోనునకు సందేశము వచ్చెను. ఇది మేలైన సాధనమే. కాని సంఘము పుస్తకములో నున్న ఫోను సంఖ్య తరచుగా ఇంటివారిది కాదు. ఏనాడో దరఖాస్తు నింపిన కొడుకుది. ఆ కొడుకు హైదరాబాదులోనో, డల్లాసులోనో ఉండును. మా యూరి కుళాయి రాదను వార్త అచట అర్ధరాత్రివేళ అతని దిండు క్రింద మ్రోగును. ఇచట తల్లి ఖాళీ బిందెతో నిలిచియుండును. ఆంధ్రమున 2019 లో వార్డు సచివాలయము లేర్పడినవి కనుక అడుగుటకు ఒక గడప దగ్గరలో నున్నది, అది మేలు. రాజ్యాంగపు 74వ సవరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసినది 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణములకే. చిన్నపట్టణము మొదటినుండియు చెప్పించుకొనునదే గాని చెప్పునది కాదు.

మా వీధిలో ఒక వృద్ధురాలు కలదు. అందరమును మామ్మగారని పిలుతుము. ఆమె భర్త పోయి పదునొకండు సంవత్సరములైనది. ఇల్లు ఆయన పేరనే యున్నది. యజమాని మరణించినచో వారసులు ఒక సంవత్సరములోగా సంఘమునకు తెలుపవలెనని చట్టము. చట్టము సంగతి మామ్మగారికి తెలుపవలెనని మాత్రము ఎవరికిని తోచలేదు. ఏటికి రెండుమారులు ఆయన పేర బిల్లు వచ్చును, ఆమె కట్టును. పేరు మార్పించుకొనుమని నేను రెండు మూడుసార్లు చెప్పి చూచితిని.

“ఆయన పేరు రాసి ఇంటికి వచ్చే కాగితం ఇదొక్కటే మిగిలింది, నాయనా,” అనెను. “పింఛను కాగితాల్లో కూడా ‘లేటు’ అని ముందు పెడతారు. దీంట్లో పెట్టరు.”

నేను మరి మాటలాడలేదు.

రెండేండ్ల క్రిందట వీధికాలువను వెడల్పు చేయదలచిరి. కాలువ మీదికి వచ్చిన అరుగులు తొలగింపవలెనని ఇంటింటికి నోటీసు వచ్చెను. నోటీసు అందించుటకు చట్టములో ఒక క్రమము కలదు: మనిషి చేతికీయవలెను, అతడు లేనిచో ఇంటిలోని పెద్దవారికీయవలెను, తపాలాలో పంపవచ్చును, ఏదియు కానినాడు ఇంటికి కనబడుచోట అంటింపవలెను. మామ్మగారు అప్పుడు పురిటికి కూతురి యూరు పోయియుండెను. ఆమె భర్త పేర వచ్చిన నోటీసును తలుపునకు అంటించిరి. ఆ రాత్రియే వాన కురిసెను. ఆమె తిరిగివచ్చునప్పటికి తలుపుపై బంక మరక మిగిలెను, అరుగు లేదు. సాయంకాలములందు ఆయన కూర్చుండి పత్రిక చదివిన అరుగది.

పని చేసినవారిని తప్పుపట్టుటకు వీలులేదు. కాలువ కావలసినదే, ఇప్పుడు వానకాలమున మా వాకిండ్లలో నీరు నిలుచుటలేదు. ఆమె కూడ ఎవరిని నిందింపలేదు. “ముందు తెలిస్తే ఆ నాపరాళ్లన్నా తీయించి దొడ్లో వేయించుకునేదాన్ని” అని మాత్రము అనెను. మరునాడు తానే నా యొద్దకు వచ్చి, పేరు మార్పునకు అర్జీ వ్రాసిపెట్టుమనెను. మరణధ్రువపత్రము, పాత దస్తావేజు, పన్ను రశీదులు పట్టుకొని ఇరువురమును మూడుమార్లు తిరిగితిమి. నాలుగవమారు పని జరిగెను. అర్జీలో ఫోను సంఖ్య వ్రాయవలసిన గడిలో కొడుకుది వద్దని, తన చిన్న ఫోను సంఖ్యనే వ్రాయించెను.

అక్టోబరులో కొత్త బిల్లు ఆమె పేర వచ్చినది. కళ్లజోడు పెట్టుకొని తన పేరును తానే కూడబలుకుకొని చదువుకొనెను. పాత బిల్లులు ఇరువదిరెండును ఒక ఎఱ్ఱదారముతో కట్టి బీరువాలో నుంచుకొన్నది. కొత్త దానిని ఆ కట్టలో చేర్చలేదు; వంటింటి గోడమీది క్యాలెండరునకు గుచ్చి, “గడువు ఎప్పటిదాకా ఉంది?” అని నన్నడిగెను.