వెనుకనుండి వేయు మెడపట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో రైలు దిగి కొత్తపేట వైపు నడచు వారికి ఇరుప్రక్కల కనుపించునవి కోచింగు కేంద్రముల బోర్డులు, వసతిగృహముల ప్రకటనలు, చీరల దుకాణములు, మిర్చిబజ్జీల బండ్లు. వాని నడుమ ఇటీవలి కాలమున మరొక విధమగు బోర్డు కూడ తలయెత్తుచున్నది. మేడమీద అద్దెకు తీసికొన్న ఒక హాలు, నేలనంతటిని కప్పుచు పరచిన మెత్తని చాపలు, గుమ్మము వెలుపల వరుసగా విడిచిన చెప్పులు. సాయంత్రము ఆరు గంటలు దాటిన పిమ్మట చైతన్యపురి మొదలుకొని ఎల్.బి.నగర్ కూడలి వరకు గల ఉద్యోగులు, ఇంజనీరింగు విద్యార్థులు, ఒకరిద్దరు గృహిణులు సైతము అచ్చటికి చేరి, ఒకరి మెడ నొకరు పట్టుకొని నేలపై పొరలుచుందురు. చూడబోయిన వారికి ఇది పోట్లాటవలె తోచును. కాని ఎవ్వరును కేక వేయరు. మధ్యమధ్య ఒకరు మరొకరి చేతిపై రెండుసార్లు తట్టుదురు. పట్టు వెంటనే వీడిపోవును. ఇద్దరును నవ్వుకొని మరల మొదలుపెట్టుదురు. దీనిని బ్రెజిలియన్ జియుజిట్సు అందురు.

ఆ విద్య యంతయు ఒక ప్రసంగమున ఇముడునది కాదు. అందలి ఒకే ఒక పట్టును గూర్చి చెప్పదలచితిమి. ఏలననగా, "మా పిల్లవాడు మెడ బిగించుట నేర్చుకొనుచున్నాడట, ఇది చేయదగిన పనియేనా?" అని మమ్ము అడిగిన తల్లిదండ్రులు ముగ్గురు నలుగురు కలరు. ఆ ప్రశ్నకు సమాధానము పట్టు యొక్క నిర్మాణములోనే యున్నది.

మనకు కుస్తీ కొత్త కాదు. జెట్టి యను మాట మనది, గోదా యను మాట మనది. హైదరాబాదు పాతబస్తీలో తాలీములు పేరుపొందినవి. వీరఘట్టములో పుట్టి, 1942లో గతించిన కోడి రామమూర్తినాయుడుగారు రొమ్ముపై ఏనుగు నెక్కించుకొనిన సంగతి ఇప్పటికిని మన పెద్దలు చెప్పుకొందురు. కాని మన కుస్తీలో గెలుపనగా ఎదిరిని చిత్తు చేయుట, అనగా అతని రెండు భుజములను నేలకు తాకించుట. మెడను బిగించుట ఆ నియమములలో నిషిద్ధము. జియుజిట్సులో వెల్లకిల పడినంత మాత్రమున ఓటమి లేదు. పైగా వెల్లకిల పడినవాడే క్రిందనుండి గెలుచుటయు కలదు. ఎదిరి తనంతట తాను "చాలు" అని ఒప్పుకొనువరకు ఆట సాగును. వాలి రావణుని చంకలో ఇరికించుకొని సముద్రములు తిరిగిన కథ వినని తెలుగువాడు లేడు గదా. అది ఈ నియమముల ప్రకారమైనచో ఆట ఎంతసేపు సాగియుండునో ఊహించుకొనవచ్చును.

ఈ విద్య మన యొద్దకు వచ్చిన దారి మిక్కిలి చుట్టుదారి. 1882లో టోక్యో నగరమున జిగోరో కానో యను విద్యావేత్త కోడోకాన్ యను శిక్షణాలయమును స్థాపించి, పూర్వపు జుజుట్సు పట్లను సంస్కరించి జూడో అని పేరిడెను. అచ్చట చదివిన మిత్సుయో మయేదా దేశదేశములు తిరిగి 1914లో బ్రెజిల్ చేరెను. బెలెమ్ నగరమున కార్లోస్ గ్రేసీ యను యువకునకు ఈ విద్య నేర్పెను. కార్లోస్ 1925లో రియో డి జనీరోలో సొంత శిక్షణశాల తెరచెను. అతని తమ్ముడు హేలియో బక్కపలుచనివాడు. బలముతో చేయు పట్లు అతనికి అనుకూలింపలేదు. అందుచేత మీట సూత్రముతో పనిచేయునట్లు వానిని మార్చుకొనెనని చెప్పుదురు. ఇదే జపాను విద్య తిన్నగా మన దేశమునకు అంతకు ముందే వచ్చినది. 1905లో సానో జిన్నొసుకే, 1929లో తకగాకి షింజో యను వారు రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమున జూడో నేర్పిరి. అయినను ఎల్.బి.నగర్ మేడకు అది వంగదేశమునుండి కాక బ్రెజిలునుండి రావలసివచ్చినది.

మా పట్టు విషయమునకు వత్తము. జపాను భాషలో దీని పేరు హడాకా జిమే. హడాకా యనగా బట్ట లేని దని అర్థము. ఎదిరి చొక్కా కాలరును ఆధారముగా పట్టుకొనక, ఒట్టి చేతులతో వేయుదురు కనుక ఆ పేరు. బ్రెజిలు వారు దీనిని మాటా లెయావ్, సింహమును చంపునది, అందురు. పేరు భయంకరమే. పని మాత్రము ఊపిరి ఆపుట కాదు. ఇచ్చటనే సామాన్యులు పొరబడుదురు, మేమును పొరబడితిమి.

మెడ ముందు భాగమున కంఠమణి, దాని వెనుక స్వరపేటిక, దాని క్రింద వాయునాళము ఉన్నవి. వానికి ఇరుప్రక్కల, చర్మమునకు కొలదిలోతున, కరోటిడ్ ధమనులు మెదడునకు రక్తమును మోసుకొనిపోవుచుండును. దవడ క్రింద వేళ్లుంచి నాడి చూచుకొనునది వీనిమీదనే. మెదడు బరువు దేహపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని విశ్రాంతి సమయమున దేహము వాడుకొను ప్రాణవాయువులో ఇంచుమించు ఐదవ వంతు దానికే కావలెను. నిలువ చేసికొను శక్తి దానికి లేదు. రెండు ధమనులను ఒకేసారి నొక్కినచో సుమారు పది సెకన్లలో స్పృహ తప్పును. వెన్నెముక ఎముకల రంధ్రములగుండా పోవు మరి రెండు ధమనులు నొక్కుడు పడక నిలిచియుండును గాని, మెదడును మెలకువగా నుంచుటకు అవి మాత్రమే చాలవు. నొక్కుడు తీసిన వెంటనే రక్తము మరల ప్రవహించును. కొన్ని సెకన్లలోనే తెలివి వచ్చును. ఊపిరి బిగబట్టినవాడు నిమిషమైనను నిలువగలడు. ఈ పట్టులో పడినవాడు నిలువలేకపోవుటకు కారణ మిదియే.

న్యాయవైద్య గ్రంథములలో ఒక లెక్క కలదు: కరోటిడ్ ధమని మూసికొనుటకు సుమారు ఐదు కిలోల ఒత్తిడి చాలును, వాయునాళము మూసికొనుటకు పదిహేను కిలోలు కావలెను. అనగా ఊపిరి ఆపజూచువాడు మూడురెట్లు శ్రమపడి, తక్కువ ఫలము పొంది, ఎదిరి గొంతునకు ఎక్కువ హాని చేయుచున్నాడు. పట్టు నేర్చుకొనుట యనగా ఆ మూడురెట్ల శ్రమను మానుకొనుట.

మా కథ చెప్పక తప్పదు. రేడియోలో పనిచేయువానికి గొంతుకయే జీవనాధారము. అట్టి మేము నలుబది దాటిన వయసున కుతూహలము చంపుకొనలేక ఒక హాలులో చాపపై కూర్చుంటిమి. మా జోడీగా దొరికినవాడు పది దినముల క్రిందట చేరిన యువకుడు, ఉత్సాహవంతుడు. వెనుకనుండి వచ్చి తన ముంజేతి ఎముకను తిన్నగా మా కంఠమణిపై ఆనించి, ఉన్న బలమంతయు పెట్టి లాగెను. స్పృహ తప్పలేదు, ప్రాణము పోవునంత నొప్పి కలిగినది. తట్టితిమి, విడిచెను. మూడు దినములు గొంతు బొంగురుపోయినది. మింగినపుడెల్ల గుచ్చుకొన్నట్లుండెడిది. స్టూడియోలో మా వంతు ప్రకటనలు మా సహోద్యోగి చదువవలసివచ్చినది. తప్పు ఆ యువకునిది కాదు. దానిని ముందు చెప్పని వారిది, అడుగక కూర్చున్న మాది.

సరియైన పట్టు ఎట్లుండునో పిమ్మట ఓపికగా చూచితిమి. మొదట వీపు దొరకవలెను. వెనుకకు చేరినవాడు తన రొమ్మును ఎదిరి వీపునకు సందు లేకుండ అతికించును. ఒక చేయి భుజము మీదుగా, రెండవ చేయి చంక క్రిందుగా పోనిచ్చి, ఎదిరి రొమ్ముపై రెంటిని కలుపును. జందెమువలె ఏటవాలుగా నుండును. పాదములను ఎదిరి తొడల లోపలివైపు కొక్కెములవలె తగిలించును. పాదములను ఒకదానిపై నొకటి మెలివేసినచో ఎదిరి తన కాళ్లతో వానిని నొక్కి చీలమండను విరుచును. కొత్తవారు తరచు చేయు పొరపాటు ఇది.

తరువాత భుజముమీది చేయి గడ్డము క్రిందుగా ప్రవేశింపవలెను. ఇది బలముతో కాదు. కత్తి అంచువలె చేతిని నిలువుగా త్రిప్పి, దవడ ప్రక్కనుండి జార్చి, అరచేయి ఎదిరి రెండవ భుజమును చేరువరకు లోతుగా పంపవలెను. అపుడు మోచేతి మడత సరిగా కంఠమణికి ఎదురుగా వచ్చును. మడత బోలు గనుక కంఠమణి దానిలో ఖాళీగా నిలిచిపోవును. ఒకవైపు దండచేయి, మరొకవైపు ముంజేయి, ఈ రెండును రెండు ధమనులపై ఆనును. అడకత్తెర నోటిలో పోకచెక్క ఉన్నట్లు మెడ ఉండును. నొక్కుడు ప్రక్కలనుండి మాత్రమే. మా పట్టులో లోపించినది ఇదే. ఆ యువకుని మోచేయి ప్రక్కకు జరిగియుండెను, ముంజేయి ముందుకు వచ్చియుండెను. నాలుగు వ్రేళ్ల ఎడము.

ఇక రెండవ చేయి. మొదటి చేతి వ్రేళ్లు రెండవ చేతి దండపై పట్టు దొరకించుకొనును. రెండవ చేయి మడిగి ఎదిరి తల వెనుకకు పోవును. అచ్చట అరచేతిని తలపై పెట్టుట కొత్తవారి అలవాటు. ఎదిరి పైకి చేయి చాపి ఆ వ్రేళ్లను ఊడబెరుకును. నేర్పరి చేతి వెనుకభాగమును తల వెనుక సందులో దాచును; పెరుకుటకు ఏమియు దొరకదు.

బిగించుట చివరిపని. దీనిలోనే సంవత్సరములు గడచును. కొత్తవాడు చేతులతో పిసుకును. అర నిమిషములో చేతులు వణకును, పట్టు జారును. నేర్పరి చేతులను కదపడు. రెక్కల ఎముకలను వెనుకకు చేర్చి, రొమ్మును నిండుగా ఊపిరితో పొంగించి, మోచేతులను దగ్గరకు తెచ్చును. పని చేయునది వీపు కండ. అది చేతి కండవలె త్వరగా అలయదు. ఏడవ సెకనున విడిచిపెట్టి మరల బిగించువాడు మొదటినుండి లెక్క పెట్టవలసినదే, ఏలననగా మధ్యలో రక్తము పోయి మెదడు తేరుకొనును. ఎదిరి గడ్డమును రొమ్మునకు అదిమిపెట్టి దారి మూసినపుడు దవడమీదనే బిగించి బాధపెట్టువారు కలరు. అది పట్టు కాదు, మొరటుతనమని మా అభిప్రాయము. తల కొంచెము త్రిప్పించి సందు చేసికొనుట తెలిసినవాడు వేచియుండును.

సరిచూచుకొనుటకు మేము చూచిన పద్ధతి యొకటి మాకు నచ్చినది. బలములో నాలుగవ వంతు మాత్రమే వాడి నెమ్మదిగా పట్టు వేయుదురు. పట్టు పడినవాడు వెంటనే ఎట్లున్నదో చెప్పవలెను. గొంతులో నొప్పి, దగ్గు అనినచో పట్టు తప్పు. నొప్పి లేదు, ముఖము బరువెక్కినది, చెవులలో హోరు, చూపు అంచులనుండి చీకట్లు క్రమ్ముచున్నవి అనినచో పట్టు ఒప్పు. ఆ మాట వచ్చులోపలనే విడిచివేయుదురు. పట్టు నేర్చుకొనువానికి గురువు ఎదిరియే.

చేతితో తట్టుట ఈ విద్యకు ప్రాణము. 1951లో మరకానా క్రీడాంగణమున మసహికో కిమురా హేలియో గ్రేసీ చేతిని మెలిపెట్టినపుడు హేలియో తట్టలేదు. అన్న కార్లోస్ కలుగజేసికొని ఓటమి ఒప్పుకొనవలసివచ్చెను. ఆ పట్టుదలను మెచ్చుకొనువారు కలరు. హాలులో మాత్రము అది కూడదు. మెడపట్టులో ఆలస్యమైనవానికి తట్టుటకు తెలివి ఉండదు. అందుచేత ఎదిరి చేయి సడలినను పట్టిన వాడే విడువవలెను. స్పృహ తప్పినవానిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లు పైకెత్తుదురు. ఆ దినమున అతడు మరల ఆడరాదు. అర నిమిషమైనను తెలివి రానిచో, లేక వచ్చిన పిమ్మట మాట తడబడినను, ఒక చేయి బలహీనమైనను, వైద్యుని యొద్దకు పోవలసినదే. ధమని లోపలిపొర చీలి పక్షవాతము వచ్చిన సంఘటనలు, అరుదుగానైనను, వైద్యపత్రికల కెక్కినవి. రక్తనాళములలో కొవ్వు పేరుకొన్న పెద్దవయసువారు ఈ పట్టునకు మెడ నీయరాదు.

తల్లిదండ్రుల ప్రశ్నకు మా జవాబు: హాలులో, గురువు కన్నులయెదుట నేర్చుకొనుట దోషము కాదు. 1993లో డెన్వర్ నగరమున జరిగిన మొదటి యు.ఎఫ్.సి. పోటీలో సుమారు ఎనుబది కిలోల హోయ్స్ గ్రేసీ తనకన్న బరువైనవారిని ఇద్దరిని మెడపట్లతో లొంగదీసెను. బలము తక్కువైనవారికి ఇది నిజముగా పనికివచ్చు విద్య. 2018 జకార్తా ఆసియా క్రీడలలో జియుజిట్సునకు చోటు దొరికినది. భయపడవలసినది వేరొకటి కలదు. ఫోనులో రెండు నిమిషముల చిత్రము చూచి, హాస్టలు గదిలో ఒకరి మెడ నొకరు బిగించి, ఎవడు ముందు పడునో చూతమను కుర్రవాండ్ర ఆట. మెడ బిగించుకొను ఇట్టి ఆటలలో ప్రపంచమున పలుచోట్ల పిల్లలు ప్రాణములు కోల్పోయిరి. పిల్లవాడు శిక్షణకు పోవుచున్న యిండ్లలో మొదట అడుగవలసినది "ఏ పట్టు నేర్చితివి?" అని కాదు, "ఎప్పుడు విడువవలెనో నేర్పిరా?" అని.

మా గొంతు బాగుపడిన తరువాత ఒక ఆదివారమున మరల అదే హాలునకు పోయితిమి. అదే యువకుడు వచ్చి కొంచెము సిగ్గుపడుచు వెనుక కూర్చుండెను. ఈ మారు అతని అరచేయి మా రెండవ భుజమును చేరిన పిమ్మటనే ఆగెను. కంఠమణికి ఏమియు తగులలేదు. నాలుగు సెకన్లకు చెవులలో హోరు మొదలయ్యెను, తట్టితిమి, విడిచెను. "ఎట్లున్నదండీ?" అని అడిగెను. నొప్పి లేదని చెప్పితిమి. మరునాటి ఉదయము ప్రసారమునకు గొంతు యథాప్రకారముగా పలికినది.