కొలది మాసముల అప్పగింత

శాశ్వతముగా బదిలీ యైపోవువాని అప్పగింత కంటె, కొలది మాసములకు మాత్రము అన్యస్థలమునకు పనిపై పోవు బృందనాయకుని అప్పగింత కష్టతరమైనది. బదిలీ యైనవాడు మరల రాడు. తాళపుచెవులతోపాటు వాని మాటయు ఆ కుర్చీని విడిచిపోవును. ఎన్నికల సంఘము పరిశీలకునిగా పరరాష్ట్రమునకు పంపిన అధికారి గాని, ఆన్‌సైట్‌కు, అనగా క్లయింటు స్థలమునకు, పోవు సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్ గాని అట్లు కాదు. తిరిగి వచ్చువాడని అందరికిని తెలియును గనుక, వాని స్థానమున కూర్చున్నవాడు పనియంతయు మోయుచును, నిర్ణయ మొక్కటియు చేయ వెనుకాడుచుండును.

ప్రభుత్వ కార్యాలయములలో ఛార్జి ఇచ్చుటకు చక్కని కట్టుబాటు గలదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఇరువురును సంతకము చేసిన పత్రములో, బాధ్యత ఏ తేదీని, పూర్వాహ్నమున మారినదో అపరాహ్నమున మారినదో స్పష్టముగా నుండును. నగదు పుస్తకపు నిల్వ సరిచూతురు. క్రొత్తవాని నమూనా సంతకము ట్రెజరీకి పంపుదురు. ఈ పూటల పట్టింపు చాదస్తమని తలచువారు గలరు గాని, ఆనాడు నగదులో లోటు కనబడినచో జవాబుదారి యెవరను ప్రశ్నకు ఆ పత్రమే సమాధానము.

ప్రభుత్వోద్యోగుల ప్రాథమిక నిబంధనలలో (ఫండమెంటల్ రూల్స్) 49వది ఇంకొక సూక్ష్మభేదమును గుర్తించినది. ఒక పదవి యొక్క పూర్తి అదనపు బాధ్యత వేరు. దాని దైనందిన వ్యవహారములను చూచుకొనుట మాత్రము వేరు. రెండవదానికి అదనపు వేతనము లేదు. శాసనము ఆ పదవికిచ్చిన అధికారములును సాధారణముగా దానితో సంక్రమింపవు. ఈ భేదము పాఠశాలలలో కండ్లకు గట్టును. ప్రధానోపాధ్యాయుడు అన్యత్ర నియుక్తుడైనపుడు సీనియరు ఉపాధ్యాయుడు ఇన్‌ఛార్జి యగును. ఉదయపు ప్రార్థన మొదలు మధ్యాహ్న భోజనము వరకు సమస్తమును ఆయనయే చూచును. కాని జీతపు బిల్లుపై సంతకము చేయు అధికారము ఆయనకు రానిచో, నెలాఖరునకు సహోద్యోగుల జీతములు నిలిచిపోవును. దోషము ఆయనది కాదు, బాధ్యత నిచ్చి అధికారమును నిలిపియుంచిన ఏర్పాటుది.

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయములలో కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అనగా పని వివరముల అప్పగింత) పేరిట పత్రములును వివరణలును విరివిగనే జరుగును. అయితే వ్రాతకెక్కనివి మిగిలిపోవును: ఏ క్లయింటు దేనికి నొచ్చుకొనును, ఏ యువకుని తల్లి అస్వస్థురాలై యున్నది, ఎవరికి ఏ సెలవు మాట యిచ్చితిమి. వీనిని ముఖాముఖి కూర్చుండి చెప్పవలయును. సెలవు మంజూరునకు, పని పంపకమునకు, కోడు విడుదలకు ఇకపై తుదిమాట ఎవరిదో బృందమంతటి సమక్షమున ప్రకటింపవలయును. నాయకుడు న్యూయార్కునకు పోయెననుకొందము; ఆ నగరము కంటె హైదరాబాదు ఋతువును బట్టి 9½ గంటలో 10½ గంటలో ముందున్నది. ప్రతి సందేహమును అచ్చటికి పంపి ప్రత్యుత్తరమునకై వేచినచో, దినమునకొక నిర్ణయమైనను తెమలదు.

రాముని పాదుకలను సింహాసనమున నిలిపి భరతుడు నందిగ్రామము నుండి 14 సంవత్సరములు రాజ్యము నడిపిన సంగతి ఎల్లరును చెప్పుకొందురు. నాకు దానికి ముందును పిమ్మటను జరిగినవి మరింత ఆదరణీయములుగా తోచును. చిత్రకూటమున రాముడు మంత్రులను గూర్చి, కోశమును గూర్చి అడుగుచు, సైనికులకు వేతనము కాలాతీతము కాకుండ ఇచ్చుచున్నావా యనియు ప్రశ్నించెను. పట్టాభిషేకమునకు పూర్వము భరతుడు కోశమును, ధాన్యాగారమును, సేనను పరికింపుమని కోరి, అన్నియు పదింతలైనవని విన్నవించెను. అప్పగింతకును తిరిగి స్వీకరించుటకును ఇంతకంటె నిండైన క్రమము నేనెరుగను.

కావున పనిపై పోవు నాయకులారా, మీరు తిరిగివచ్చిన నాడు మొదట మీ స్థానమున నున్నవాడు చెప్పు లెక్కను ఓపికతో వినుడు. మీరు లేనపుడు జరిగిన నిర్ణయములను, ప్రత్యక్షమైన నష్టము కనబడినచో తప్ప, మార్పకుడు. ఆ మాసములలో భారము మోసినవాని పేరును వార్షిక మదింపులో మీ చేతనే వ్రాయుడు.