తుక్కుల వడ్డ స్పీకర్‌కు ఇంకా పాణమున్నది

ఊర్ల బడిలనో, లైబ్రరీలనో కంప్యూటర్ ఉంటది గానీ స్పీకర్లు ఉండయి. పాఠం వీడియో పెడితే బొమ్మ కదులుతది, మాట ఇనవడది. అదే ఊర్ల పాత డబ్బా టీవీలు, టేప్ రికార్డర్లు, హోమ్ థియేటర్ డబ్బాలు కిలోల లెక్కన తుక్కు బండెక్కుతున్నయి. టీవీ పాడైతే అండ్ల స్పీకర్ కూడా పాడైనట్టేనా? కాదు. శానా మట్టుకు పోయేది బోర్డే.

స్పీకర్ అంటే ఒక అయస్కాంతం, ఒక రాగితీగ చుట్ట, ఒక కాగితం కోన్. గంతే. మంచిగుందా లేదా అని చూసేటందుకు గోడ గడియారంల ఏసే 1.5 వోల్టుల సెల్లు సాలు. రెండు తీగలను సెల్లుకు ఒక్క క్షణం తాకించుర్రి. 'టక్' మని సప్పుడొస్తే తీగచుట్ట బతికే ఉన్నది. కోన్ ముందుకు జరిగితే, సెల్లు ప్లస్‌కు తాకిన కొసనే స్పీకర్ ప్లస్. కోన్ చినిగిందా అన్నది కూడా చూడుర్రి.

మరి తీస్కపోయి కంప్యూటర్ ఎనక పచ్చరంగు రంధ్రంల కలిపితే మోగుతదా? సరిగ మోగదు. అండ్లకెళ్లి వచ్చేది సన్న సిగ్నల్. 4 ఓంలు, 8 ఓంల స్పీకర్‌ను ఊపే బలం దానికి లేదు. నడుమ ఆంప్లిఫైయర్ గావాలె. పీఏఎమ్ 8403 అనే చిన్న బోర్డు శానా తక్కువ ధరకు దొరుకుతది. 5 వోల్టులతోని నడుస్తది, 4 ఓంల స్పీకర్లకు ఒక్కోదానికి 3 వాట్ల దాకా ఇస్తది.

కలిపే తీరు ఇది. 3.5 మిల్లీమీటర్ల పిన్ను కొస ఎడమ, నడిమి రింగు కుడి, మొదలు గ్రౌండ్. ఆ మూడింటిని బోర్డు మీద ఎల్, ఆర్, జీ అని రాసున్న కాడ అతకాలె. రెండు స్పీకర్లను ఎవలి ప్లస్, మైనస్‌కు వాళ్లకే కలపాలె. రెండింటి మైనస్‌లు ఒక్కటి చేస్తే బోర్డు కాలుతది. ఒక స్పీకర్‌కు ప్లస్ మైనస్ తారుమారైతే దప్పు సప్పుడు మాయమైతది. కరెంటు 5 వోల్టుల ఫోన్ చార్జర్ నుంచి ఇయ్యుర్రి. కంప్యూటర్ యూఎస్‌బీ నుంచే ఇస్తే ఒక్కోపారి 'గుయ్' మని రొద వస్తది. 12 వోల్టులు మాత్రం ఇయ్యొద్దు, బోర్డు పోతది. ఆఖరుకు స్పీకర్‌ను చెక్క డబ్బాలనో, గట్టి అట్టపెట్టెలనో బిగించుర్రి. ఉత్తగ పెడితే కోన్ ముందటి గాలి, ఎనకటి గాలి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి, సప్పుడు పల్సబడుతది.

ఒక్క మాట గట్టిగ చెప్తున్న. డబ్బా టీవీని మీరు ఇప్పొద్దు. ప్లగ్గు పీకినంక కూడా పిక్చర్ ట్యూబ్‌ల వేల వోల్టులు దాగుంటయి. టీవీ మెకానిక్‌తోనే స్పీకర్ తీయించుకోవాలె. రాగికోసం వైర్లు కాలవెట్టుడు కూడా వద్దు. ఆ పొగ మన పోరగాండ్ల ఊపిరితిత్తులకే పోతది.

ఇదంతా పైసలు మిగిల్చుకునే ముచ్చటొక్కటే కాదు. 'పాడైందా? పారెయ్యి, కొత్తది కొను' అని మార్కెట్ మనకు నేర్పుతున్నది. ఈ-వ్యర్థాల కొత్త రూల్స్ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లున్నయి, తయారుచేసిన కంపెనీలదే బాధ్యత అంటున్నయి. 2022 డిసెంబర్ల కేంద్రం రిపేర్ హక్కు పోర్టల్ కూడా తెరిచింది. కాయితం మీది ఆ బాధ్యత మన ఊరి తుక్కు బండి దాకా రావాలె. వచ్చేదాక అడగాలె. అడుగుతనే మన చేతులకు పని నేర్పాలె. ఇప్పి చూసి, ఎట్ల నడుస్తదో తెలుసుకున్నోన్ని 'ఇది బాగుకాదు, కొత్తది కొను' అని ఎవ్వడు మోసం చెయ్యలేడు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఈ ఐతారం ఇంట్ల మూలకున్న పాత డబ్బాలు ఒక్కపారి చూడుర్రి. రెండు స్పీకర్లు బతికుంటే మీ ఊరి బడి కంప్యూటర్‌కు మాట తెప్పించుర్రి.