డబ్బు కట్టడం మానే ముందు సామాను సర్దుకుందాం

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో చూడండి. బిందెలు, పెట్టెలు, పరుపులు లెక్క చూసుకుంటాం. అటక మీద ఏమైనా మిగిలిందేమోనని పిల్లవాణ్ణి ఎక్కించి వెతికిస్తాం. కరెంటు బిల్లు కట్టి రసీదు దాచుకుంటాం. అడ్వాన్సు సొమ్ము చేతిలో పడ్డాకే తాళం చెవి అప్పగిస్తాం. ఉత్తరాలు వస్తే ఫలానా చోటికి పంపమని పక్కింటివారికి చెప్పి మరీ బండి ఎక్కుతాం.

మరి ఇంటర్నెట్‌లో నెలనెలా డబ్బు కట్టి వాడుకుంటున్న ఖాతాను వదులుకునేటప్పుడు ఈ జాగ్రత్త ఏమవుతోంది? ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే పని అయిపోయిందనుకుంటున్నాం. పైనెల మళ్ళీ బ్యాంకులో సొమ్ము తగ్గితే ఆశ్చర్యపోతున్నాం. లేదా సొమ్ము ఆగిపోయింది గానీ, పిల్లల ఫోటోలు కొత్తవి దాచుకోవడానికి చోటు లేదని తెలిసి కంగారు పడుతున్నాం. డబ్బు కట్టే ఖాతా నుంచి ఉచిత ఖాతాకు మారడం కూడా ఇల్లు మారడమే. ఆ సర్దుబాటు ఎలా చేసుకోవాలో ఈ వారం పాఠకులతో చెప్పాలనుకుంటున్నాం.

చిన్న మొత్తమే, కానీ ప్రతి నెలా

పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే వచ్చే చిన్న స్టేషను సుమ్మాదేవి. ఇక్కడి నుంచి మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట దాకా ఉద్దానం పల్లెలకు జీడి, కొబ్బరే ఆధారం. ఆ ఆదాయం ఏడాది పొడవునా ఒకేలా రాదు. జీడి పంట చేతికొచ్చేది ఎండాకాలంలో. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ళకు పని ఉన్న రోజునే కూలి. ఎందరో మగవాళ్ళు చెన్నైకో, హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో పనికి పోయి ఇంటికి డబ్బు పంపుతారు. రాబడి ఇలా ఒడిదుడుకుల్లో ఉంటే, ఫోన్‌లో పెట్టుకున్న ప్యాకేజీ మాత్రం ప్రతి నెలా ఒకే తేదీకి తన వాటా తను తీసుకుపోతుంది.

నెలకు 130 రూపాయల ప్యాకేజీ అనుకుందాం. టీ ఖర్చే కదా అనిపిస్తుంది. ఏడాదికి 1,560 రూపాయలు. ఇలాంటివి మూడుంటే 4,680. పాటలకొకటి, సినిమాలకొకటి, ఫోటోలు దాచుకోవడానికొకటి. వాడుతున్నంత కాలం కట్టడంలో తప్పేమీ లేదు. పరీక్ష అయిపోయాక కూడా పిల్లవాడి పాఠాల యాప్‌కు, చూడని సినిమాలకు కడుతుండడమే దుబారా. అవసరం తీరిన రోజున మానేయడానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఉచితం కొత్త మాట కాదు

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. అప్పట్లో డబ్బు కట్టి కనెక్షను తీసుకున్నవారికి ఆ సంస్థ పేరుతోనే ఈమెయిల్ చిరునామా వచ్చేది. కనెక్షను మానితే చిరునామా కూడా పోయేది. మరుసటి ఏడాది, 1996 జూలై 4న, మన దేశం నుంచి అమెరికా వెళ్ళిన సబీర్ భాటియా, తన మిత్రుడు జాక్ స్మిత్‌తో కలిసి హాట్‌మెయిల్ ప్రారంభించారు. కనెక్షను ఎవరిదైనా సరే, ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా సరే, ఉచితంగా ఉత్తరాలు చూసుకోవచ్చు. ఆ సౌకర్యం ప్రపంచాన్ని ఎంత ఆకట్టుకుందంటే, 1997 చివరికల్లా మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది.

వాట్సాప్ సంగతీ చాలామందికి గుర్తుండదు. మొదటి ఏడాది ఉచితం, ఆ తర్వాత ఏడాదికి సుమారు ఒక డాలరు అనేది ఒకప్పటి దాని నియమం. 2016 జనవరిలో ఆ రుసుము ఎత్తేశారు. ఎస్టీడీ బూత్ ముందు గంటలకొద్దీ నిలబడి గల్ఫ్‌లోని బిడ్డతో మూడు నిమిషాలు మాట్లాడిన తల్లులు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. ఉచితం విలువ వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

అయితే ఉచితంగా ఇచ్చేవాడు కూడా ఎక్కడో ఒకచోట రాబడి చూసుకోవాలి. ప్రకటనల రూపంలో గానీ, మన అలవాట్ల సమాచారం రూపంలో గానీ అది వస్తుంది. వాట్సాప్ కూడా స్టేటస్‌ల మధ్య ప్రకటనలు చూపుతామని 2025 జూన్‌లో ప్రకటించింది. ఉచితంగా ఇచ్చినవాడు ఎప్పుడైనా దుకాణం కట్టేయవచ్చు కూడా. దూరదేశాల్లో ఉన్నవారితో ముఖాముఖి మాట్లాడుకోవడానికి ఒకప్పుడు అందరూ వాడిన స్కైప్ 2025 మే 5న మూతపడింది.

చోటు తగ్గితే ఏమవుతుంది?

మన ఇళ్ళలో అన్నింటికన్నా విలువైన సామాను ఫోటోలే. ఆండ్రాయిడ్ ఫోన్లలో అవి ఎక్కువగా గూగుల్ ఖాతాలో ఉంటాయి. ఒక్కో ఖాతాకు ఉచితంగా దొరికే చోటు 15 జీబీ. ఇందులోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ సర్దుకోవాలి. ఒకప్పుడు ఫోటోలను కొంచెం నాణ్యత తగ్గించి ఎన్నైనా ఉచితంగా దాచుకోనిచ్చేవారు. 2021 జూన్ 1 నుంచి ఆ వీలు పోయింది. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఈ 15 జీబీలోనే లెక్కకు వస్తోంది. ఆపిల్ ఫోన్లవారికి ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే.

ఒకరు 100 జీబీ ప్యాకేజీ తీసుకుని 60 జీబీ నింపారనుకోండి. డబ్బు కట్టడం మానగానే ఆ ఫోటోలు మాయం కావు. కట్టిన గడువు ముగిసేదాకా పాత చోటు ఉంటుంది. ఆ తర్వాత కొత్త ఫోటో ఎక్కదు. ఈమెయిల్ పోదు, రాదు. ఇక్కడే అసలు ఇబ్బంది. బ్యాంకు నుంచో, పాస్‌పోర్టు కార్యాలయం నుంచో, వీసా ఏజెంటు నుంచో రావలసిన ఉత్తరం రాకుండా ఆగిపోతుంది. ఎందుకు రాలేదో మనకు తెలియదు. పరిమితి దాటిన స్థితిలోనే 2 ఏళ్ళు గడిస్తే ఖాతాలో ఉన్నవి తొలగించే అధికారం తమకుందని గూగుల్ నియమాల్లో రాసి ఉంది.

కుటుంబ ప్యాకేజీ అయితే మరో సంగతి ఉంది. కట్టేది ఒకరు, వాడేది అందరూ. గల్ఫ్‌లో ఉన్న కొడుకు తన ప్యాకేజీలో మరో ఐదుగురిని చేర్చుకోవచ్చు. అక్కడ పని పోయి అతను మానేశాడంటే ఇక్కడ అమ్మీ ఫోన్‌లోనూ, చెల్లెలి ఫోన్‌లోనూ చోటు ఒక్కసారిగా 15 జీబీకి పడిపోతుంది. అమ్మీకి ఆ ప్యాకేజీ ఉన్నట్టే తెలియదు. కాబట్టి మానే ముందు ఇంటికి ఫోన్ చేసి, “అమ్మీ, నీ ఫోటోలు ముందు తీసి వేరే చోట పెట్టించు, నెలాఖరుకు ఇది ఆపేస్తున్నాను” అని ఒక్క మాట చెప్పడం కొడుకు బాధ్యత.

ముందు సామాను, తర్వాత తాళం చెవి

ఈ పని వరస తప్పకుండా చేస్తే కష్టమేమీ లేదు.

మొదటిది, మన సామాను బయటికి తీసుకోవడం. గూగుల్ ఖాతాలో ఉన్నవన్నీ దించుకోవడానికి ‘టేకౌట్’ అనే సదుపాయం 2011 నుంచీ ఉంది. దించుకున్నవి ఒక పెన్‌డ్రైవ్‌లోనో, హార్డ్‌డిస్కులోనో పెట్టి, తెరిచి చూసుకోవాలి. పాటలు, సినిమాల ప్యాకేజీల్లో ‘డౌన్‌లోడ్’ చేసుకున్నవి మాత్రం సాధారణంగా మనకు మిగలవు. అవి కట్టినంత కాలం చూసుకోవడానికి ఇచ్చినవే.

రెండోది, అనవసరమైనవి తీసేయడం. శుభోదయం బొమ్మలు, ఒకే పెళ్ళి వీడియో నాలుగు కాపీలు, పాత ప్రకటనల మెయిళ్ళు తొలగిస్తే చాలామందికి ఉచితంగా ఇచ్చే చోటే సరిపోతుంది.

మూడోది, చిరునామా మార్పు. వదులుకునే ఖాతా ఈమెయిలు బ్యాంకులో, ఆధార్‌లో, పిల్లల కాలేజీలో ఇచ్చి ఉంటే ముందే మార్పించాలి. ఫోన్ నంబరుకూ ఇదే వర్తిస్తుంది. విదేశం వెళ్ళి ఇక్కడి సిమ్‌కు రీఛార్జి మానేస్తే కొంతకాలానికి ఆ నంబరు రద్దయి మరొకరికి పోతుంది. ఆ తర్వాత మన ఓటీపీలు వెళ్ళేది వారికే.

నాలుగోది, సభ్యత్వం రద్దు. యాప్ తీసేయడం రద్దు కిందకు రాదు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, పై మూలన ఉన్న మన బొమ్మ నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్ళి అక్కడ రద్దు చేయాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మన పేరు నొక్కితే ‘సబ్‌స్క్రిప్షన్స్’ కనిపిస్తుంది. సంస్థకే నేరుగా కట్టి ఉంటే ఆ సంస్థ సైట్‌లోనే మానుకోవాలి.

ఐదోది, బ్యాంకు వైపు తలుపు మూయడం. 2020 జూలైలో వచ్చిన యూపీఐ ఆటోపే ద్వారా మనం ఒకసారి అనుమతి ఇస్తే నెలనెలా సొమ్ము దానంతటదే పోతుంది. మన యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్ అనే చోట ఆ జాబితా ఉంటుంది. రద్దు చేసినది అక్కడ ఇంకా నడుస్తున్నట్టు ఉంటే ఆపేయాలి. కార్డుల విషయంలో రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమలు చేసింది. సొమ్ము కోయడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం రావాలి. ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని తుడిచేయకండి. ఆ కోతను ఆపుకునే హక్కు ఆ సమయంలో మన చేతిలో ఉంటుంది.

వెళ్ళనివ్వని తలుపులు

చేరేటప్పుడు ఒక్క నొక్కుతో చేర్చుకుని, మానేటప్పుడు పది గదులు తిప్పే సంస్థలూ ఉన్నాయి. ‘నెల రోజులు ఉచితం’ అని పిలిచి, ఆ మొదటి రోజునే ఆటోపే అనుమతి తీసుకోవడం మరో పద్ధతి. ఇలాంటి మాయలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో పేర్కొన్న 13 రకాల మోసపు ఎత్తుగడల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ ఒకటి. రద్దు చేసుకోవడం అసాధ్యంగానో, మితిమీరిన క్లిష్టంగానో చేయడం, రద్దు చేసుకునే మార్గాన్ని దాచడం దాని కిందికే వస్తాయి. ఎవరైనా అలా తిప్పలు పెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రద్దు చేయించుకోవడానికి ‘కస్టమర్ కేర్’ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికితే దొంగ నంబర్లు ఎదురుపడతాయి. అవతలివాడు మర్యాదగా మాట్లాడి ఏదో యాప్ వేయించుకుంటాడు, లేదా పిన్ కొట్టమంటాడు. డబ్బు వెనక్కి రావడానికి పిన్ అవసరం లేదు. ఎవరైనా మోసపోతే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.

ఉచితంగా దొరికే మంచివి

డబ్బు కట్టడం మానితే చేతికి ఏమీ రాదనుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన డిజిలాకర్‌లో ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటి పత్రాలు ఉచితంగా దాచుకోవచ్చు. బడి పిల్లలకు 2017లో వచ్చిన దీక్ష ఉంది. కాలేజీ పిల్లలకు అదే ఏడాది వచ్చిన స్వయంలో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. నమాజు వేళలు చూపే యాప్‌కు ప్రకటనలు రాకుండా ఉండాలని డబ్బు కట్టేవారున్నారు. మన మసీదు గోడ మీది వేళల పట్టికను ఒక్క ఫోటో తీసి పెట్టుకుంటే ఆ పని జరిగిపోతుంది.

అయితే ఉచితమైనా, డబ్బు కట్టినదైనా, ఒక్కచోటే అన్నీ పెట్టి నిశ్చింతగా ఉండకూడదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ఇంట్లోని కాగితాలు తడిసిపోయిన వాడికి ఇంటర్నెట్‌లో దాచినవి తర్వాత అక్కరకొస్తాయి. ఇంటర్నెట్ అందని ఆ రోజుల్లో చేతిలో ఉన్న కాపీయే అక్కరకొస్తుంది. అందుకే ముఖ్యమైనవి రెండు చోట్లా ఉండాలి.

ఈ జుమా సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒక పని చేయండి. ఎవరి ఫోన్‌లో ఏ ప్యాకేజీ నడుస్తోంది, ఏ తేదీకి సొమ్ము పోతోంది, అది ఇప్పుడు ఎవరికి అవసరం అని ఒక కాగితం మీద రాయండి. అవసరం లేనివాటి ఎదుట గీత గీయండి. ఆ గీత గీసిన వాటిలో మన సామాను ఏముందో చూసి, ముందు దాన్ని బయటికి తెచ్చుకోండి. రద్దు మాట ఆ తర్వాతే.