పొదుగుకోడికి పేల బెడద: వాము తైలం ఎంతవరకు పనికొస్తుంది?

పొదుగుకు కూర్చున్న పెట్ట పదో రోజునో, పన్నెండో రోజునో గంప వదిలి లేచిపోతే తప్పు దానిది కాదు. గంపలో చెయ్యి పెట్టి చూడండి. నిమిషంలో మోచేతి దాకా పేలు పాకుతాయి. గుడ్లన్నీ మురిగినట్టే. నాలుగైదు పెట్టలున్న ఇంటికి ఇది చిన్న నష్టం కాదు.

దీనికి మొక్కల సుగంధ తైలాలు మందని చెబుతున్నారు. వాము, లవంగం, నిమ్మగడ్డి వంటివాటిని ఆవిరి పట్టి తీసే తైలాలివి. వాములోని థైమాల్‌కు, లవంగంలోని యూజినాల్‌కు పేలను చంపే గుణం వున్నదని ప్రయోగశాలల్లో తేలింది. అయితే గాజు సీసాలో చచ్చిన పేను గంపలోనూ చస్తుందనుకోరాదు. ఈ తైలాలు త్వరగా ఆవిరైపోతాయి. పేల గుడ్లు మిగిలే వుంటాయి. పైగా ఖరీదు!

వేపనూనె ఈ కోవలోది కాదు. గింజను గానుగాడి తీసేది కనుక తొందరగా ఎగిరిపోదు. లీటరు గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కరిగించి, రెండు చెంచాల వేపనూనె గిలక్కొట్టి, గూటి పగుళ్ళకు, దూలాలకు, ఖాళీ గంపకు పట్టించండి. ఆరాక కొత్త గడ్డి పరచి, అప్పుడు గుడ్లు పెట్టాలి. గూటికి వారం తర్వాత మరోసారి పూయాలి, ఈలోగా కొత్త పేలు పుడతాయి కదా. గుడ్లమీద మాత్రం ఏ నూనే పడకూడదు. పెంకు రంధ్రాలు మూసుకుని లోపలి పిల్ల చస్తుంది.

ఇప్పటికే పేలు పడివుంటే గుడ్లను వేరే గంపలోకి మార్చి, పాత గడ్డి కాల్చెయ్యండి. పెట్టకు రెక్కల కింద బూడిద రుద్దండి. ఘాటు తైలాన్ని నేరుగా పూస్తే చర్మం మండుతుంది, ఊపిరికీ చేటు. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందును కోడిమీద చల్లేవాళ్ళూ వున్నారు. కోడి చస్తుంది, గుడ్డు తిన్నవారికీ ముప్పే.

పిల్లల్లో వచ్చే రక్తపారుడు సంగతి వేరు. 2003లో గ్రీస్ శాస్త్రవేత్తలు కిలో మేతకు 300 మిల్లీగ్రాముల ఒరెగానో తైలం కలిపి చూశారు. ఏమీ ఇవ్వని పిల్లలకన్నా ఇవి మెరుగ్గా పెరిగాయి గాని, లసలోసిడ్ మందు తిన్నవాటిని అందుకోలేదు. కాబట్టి రెట్టలో రక్తం కనిపించిన రోజే పశువైద్యుణ్ణి అడిగి ఆంప్రోలియం నీళ్ళలో కలిపివ్వండి. ఈ రోగక్రిమి తడిలో రెండు రోజులకే అంటుకునే దశకు వస్తుంది. నీళ్ళ గిన్నె చుట్టూ తడిసిన పొట్టును ఏ రోజుకారోజు తీసి పారేయండి.