వాలు బల్ల నేర్పిన పాఠము



ఎజ్రా శాస్త్రి ధర్మశాస్త్రమును చదివినప్పుడు, ఆ పనికొరకే కఱ్ఱతో చేయించిన పీఠము మీద నిలిచాడని నెహెమ్యా 8:4లో చూస్తాము. దానిని చేసిన వడ్రంగి పేరు అక్కడ లేదు. మన సంఘాలలోనూ వాక్యము పెట్టుకునే బల్లను ఎవరు చేశారో చాలమందికి తెలియదు. మా సంఘపు ప్రసంగ పీఠము సంగతి మాత్రము నేను మరువలేను.

పాత పీఠమునకు చెదలు పట్టింది. కోత పండుగకు కొత్తది కావాలని నాకు తొందర. మా సంఘములోని వృద్ధ వడ్రంగి పెట్టె బిగించి, పై బల్లకు టేకు పలక సిద్ధము చేసి, జ్వరముతో మంచము పట్టాడు. నేనే పెట్టె లోతు కొలిచి, "16 అంగుళాలు" అని కాగితము మీద వ్రాసి ఆయన మనుమడికిచ్చాను. వాడు అలాగే కోశాడు. బల్ల పెట్టి చూస్తే చాలలేదు; అంచు దగ్గర సందు. పండుగ పని చేస్తున్న పదిమంది ఎదుట, అప్పుడే కఱ్ఱ ఊతముతో వచ్చిన ఆ పెద్దాయనను, "ఇంత అనుభవముండి టేకు పలక పాడు చేయించారేమి?" అని గద్దించాను. ఆయన బదులు పలుకక బల్లను ఇంటికి మోయించుకొని పోయాడు.

ఆ రాత్రి మనసాగక ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన కోపపడలేదు. చెక్కముక్క మీద మూలమట్టముతో గీతలు గీసి చూపించాడు.

"అయ్యగారూ, పెట్టె లోతు 16 అంగుళాలే. కాని వెనుక పలక ముందు పలకకంటే 4 అంగుళాలు ఎత్తు. ఏటవాలుగా కొలవండి."

కొలిచాను. పదహారున్నర!

"ఇంకొకటి. అంచును నిలువుగా కోస్తే, బల్ల వాలగానే అంచు కూడా వాలి, పెట్టె పలకలతో కలవదు. పదహారుకు నాలుగు, అంటే నాలుగుకు ఒకటి. బల్ల మందము అంగుళము గనుక, పై గీతకు కింది గీత పావు అంగుళము జరగాలి. రెండు అంచులూ ఒకే వైపుకు వాలాలి. ఎదురెదురుగా కోస్తే పలక పోయినట్లే. బల్ల కూర్చునే ముందు వెనుక పలకల నెత్తిని కూడా అదే వాలుకు చిత్రిక పట్టాలి. గీత మీద కోయకూడదు. గీతకు వెలుపల కోసి, మిగిలినది చిత్రికతో తీయాలి."

తప్పు కోత కోసింది నా కొలతే. అంచులు సరిచేస్తే మరో పావు అంగుళము పోయి, మొత్తము ముప్పావు అంగుళము తక్కువ పడుతుంది. మరి ఎలా అని అడిగాను. ఆయన నవ్వి, "ముప్పావు అంగుళము మందముగల బద్దను దిగువ అంచుకు అతికిద్దాము. అది అర అంగుళము పైకి నిలిస్తే బైబిలు కూడా జారదు" అన్నాడు.

ఆదివారము ఆరాధనలో, ప్రసంగమునకు ముందు, సంఘమంతటి ఎదుట ఆయనను క్షమాపణ వేడుకున్నాను. పదిమందిలో గద్దించి, చాటున క్షమించమనుట న్యాయము కాదు గదా! ఆయన లేచివచ్చి నా చేయి పట్టుకున్నాడు. ఆ దినము నేను ప్రసంగించినదానికంటే సంఘము దానినే ఎక్కువ జ్ఞాపకముంచుకుంది.

మనము ఏ కొలతతో కొలుస్తామో అదే మనకును కొలవబడునని ప్రభువు హెచ్చరించాడు (మత్తయి 7:2). ఇంట్లో భార్యను, బిడ్డను, పొలములో పాలివానిని మనము తరచు చదునుగా కొలుస్తాము. వారు ఎక్కుతున్న ఏటవాలును చూడము. పొరుగువాడు తక్కువ పడినట్లు కనబడితే ముందుగా మన టేపును పరీక్షించుకుందాము. తప్పు మనదైతే, ఎక్కడ నొప్పించామో అక్కడే ఒప్పుకుందాము.

మా పీఠము అంచున ఆ బద్ద నేటికీ ఉన్నది. బైబిలు పెట్టిన ప్రతిసారి నా వ్రేళ్లకు తగులుతుంది. నా లోపమును ఒక సహోదరుడు ప్రేమతో పూరించిన చోటు అది. వడ్లవాడైన మన ప్రభువు మన కుటుంబాలలోని సందులను అట్లే పూరించునుగాక. ఆమేన్.