పాలు – హాలు, దస్ – టీన్

రాయదుర్గం బస్టాండులో ఓ పావుగంట నిలబడి చెవులు అప్పగించండి. ఒకాయన టీకొట్లో పాలు అడుగుతాడు. బళ్ళారి బస్సు దిగినావిడ అదే కొట్లో 'హాలు' అంటుంది. ఆ పక్కనే తండా నుండి వచ్చిన ఇద్దరు లంబాడీలో మాట్లాడుకుంటూ ఉంటారు. వాళ్ళ మాటలు మనకు ఒకటి రెండు తప్ప పట్టుబడవు. మూడు భాషలూ ఒకే ఎండలో, ఒకే నేలమీద తిరుగుతున్నాయి. మరి వీటిలో ఏది దేనికి చుట్టం?

"పక్కపక్కన ఉన్నవన్నీ చుట్టాలే సార్" అని మా తొమ్మిదో తరగతివాళ్ళు ఒకసారి వాదానికి దిగారు. సరే, పరీక్షపెట్టి చూద్దామన్నాను. నల్లబల్ల మీద మూడు గళ్ళు గీశాం. ఇంట్లో రోజూ వాడే మాటలే రాయాలని షరతు.

మొదట తెలుగు, కన్నడం. పాలు – హాలు. పులి – హులి. పాము – హావు. పంది – హంది. పువ్వు – హూవు. పల్లె – హళ్ళి. పది – హత్తు. గమనించారా? ఇది ఏదో ఒక మాటలో కలిసిన పోలిక కాదు. మాట మొదట తెలుగులో 'ప' ఉన్నచోట కన్నడంలో 'హ' వరుసగా వస్తున్నది. పాత కన్నడ శాసనాల్లో ఇక్కడ 'ప'యే ఉండేది. పదో శతాబ్దం నుండి అది మెల్లగా 'హ'గా మారింది. మాట మధ్యలో జంటగా ఉన్న 'ప్ప' మాత్రం చెదరలేదు. అందుకే ఉప్పు రెండు భాషల్లోనూ ఉప్పే.

మారింది కన్నడమేనని మనం మురిసిపోనక్కరలేదు. చెవి – కివి, చేయి – కై, చెరువు – కెరె చూడండి. ఇక్కడ పాత 'క'ను కన్నడం దాచుకుంది, దాన్ని 'చ'గా మార్చింది మన తెలుగే. మన కరువు సీమలో రెండు భాషలవాళ్ళూ ఏటా ఆశగా చూసేది ఒకే చెరువువైపు, ఒకే పాత మాటవైపు!

ఒక కుర్రవాడు లేచి, "పుస్తకం కన్నడంలోనూ 'పుస్తక'యే కదా సార్, 'హుస్తక' ఎందుకు కాలేదు?" అన్నాడు. మంచి ప్రశ్న. అది సంస్కృతం నుండి ఇద్దరమూ అరువు తెచ్చుకున్న మాట. అరువు మాటలు బస్సు, టికెట్టుల్లాగా ఏ భాషలోనైనా చేరతాయి. వాటితో చుట్టరికం తేలదు. ఈ తేడా కనిపెట్టకపోవడం వల్లనే తెలుగు సంస్కృతం నుండి పుట్టిందని చాలామంది నమ్మారు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, సంస్కృతం నుండి పుట్టినవి కావనీ 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ధాతువుల పట్టికలు వేసి చూపించాడు. ఆ వ్యాసం కేంబెల్ దొర తెలుగు వ్యాకరణానికి ముందు అచ్చయింది. కేంబెల్ తర్వాత బళ్ళారి కలెక్టరుగా పనిచేశాడు. అనంతపురం అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే, 1882లో వేరుపడింది. 1856లో కాల్డ్వెల్ ఈ పనిని పెద్ద గ్రంథంగా విస్తరించాడు.

ఇక మూడో గడి. వెనక బెంచీలో తండా పిల్ల ఒకతె తల వంచుకు కూర్చుంది. "మాది భాష కాదు సార్, దానికి అక్షరాలు లేవు" అంది. "అక్షరాలు లేకుంటే భాష ఎక్కడికి పోతుందమ్మా? లెక్కపెట్టు" అన్నాను. తీన్, చార్, పాంచ్, సాత్, దస్ అంటూ చెప్పుకుపోయింది. మన మూడు, నాలుగు, ఐదులతో ఒక్కటీ కలవలేదు. వందల ఏళ్ళ కిందట ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దక్కనుకు వచ్చినవారి భాష అది. రాజస్థానీ, గుజరాతీలకు దగ్గరది.

దానికి ఇంకా దూరపు చుట్టాలున్నారు. సంస్కృతంలో దశ, తండాలో దస్, ఇంగ్లీషులో టెన్. ద్వి – టూ. దంత – టూత్. అక్కడ 'ద' ఉన్నచోట ఇక్కడ 'ట'. ఇది మన పాలు–హాలు వంటి వరుసే. ఇలాంటి పోలికలు చూసే 1786లో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి వచ్చి ఉండాలన్నాడు.

ఇప్పుడు దక్షిణాఫ్రికా వెళదాం. 1652లో కేప్ రేవులో దిగిన డచ్చివారి భాష అక్కడ మారి మారి ఆఫ్రికాన్స్ అయింది. 1925లో అధికార భాష అయింది. డచ్చిలో 'జ' వంటి ధ్వనితో మొదలయ్యే మాటలు ఆఫ్రికాన్స్‌లో 'స'తో మొదలవుతాయి. సూర్యుడు, సముద్రం, ఏడు – మూడింటికీ ఇదే వరుస. అందులో పది 'టీన్'. అంటే మన తండా 'దస్'కు చుట్టం! అయితే జాగ్రత్త. 'టీన్' వినగానే తండా 'తీన్' గుర్తొస్తుంది. కాని ఒకటి పది, మరొకటి మూడు. చెవికి ఒకలా వినపడినంత మాత్రాన చుట్టరికం కాదు.

నల్లసముద్రం తూర్పు తీరాన, కాకసస్ పర్వతాల ఒడిలో, అబ్ఖాజ్ అనే భాష ఉంది. అచ్చులు రెండే అంటారు, హల్లులు మాత్రం 58! మూడును సుమారుగా 'ఖ్ప' అంటారు. మన లిపిలో సరిగా పట్టదు. ఆఫ్రికాన్స్‌లో నేను నడిచినా, నువ్వు నడిచినా, అతడు నడిచినా క్రియ ఒకటే, మారదు. తెలుగులో నడుస్తాను, నడుస్తావు, నడుస్తాడు అని కర్తను బట్టి చివర మారుతుంది. అబ్ఖాజ్ క్రియలోనైతే ఎవరు, ఎవరిని, ఎవరికి అన్నవన్నీ ఇమిడిపోతాయి. దాన్ని ఆఫ్రికాన్స్ పక్కన పెట్టి ఎంత వెతికినా ధ్వనుల వరుస దొరకదు. మనకు గాని, తండాకు గాని కూడా అది చుట్టం కాదు. దాని దగ్గరి బంధువు ఉబిఖ్‌ను ధారాళంగా మాట్లాడిన చివరి మనిషి తెవ్ఫిక్ ఎసెంచ్ 1992లో తుర్కీలో మరణించాడు. ఆ గడి ఇక నిండదు.

మా పట్టిక ఇంకా నిండుతూనే ఉంది. మీ ఊళ్ళోనూ మొదలుపెట్టండి. శరీర భాగాలు, అంకెలు, నీరు, నిప్పు, తినడం, రావడం – ఓ ఇరవై మాటలు చాలు. మాట చెప్పేవారిని రెండుసార్లు పలకమని అడిగి, విన్నది విన్నట్టే రాయండి. ఆ తండా పిల్ల మర్నాడు వాళ్ళవ్వను అడిగి రెండు పేజీలు రాసుకొచ్చింది, తెలుగు అక్షరాలతో.